బస్తా అడుగు చెక్క

మా మేనత్త పుష్పవతి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. పసుపు రాసుకున్న పచ్చదనం కాదు అది. నైట్రిక్ ఆసిడ్ పడిన చర్మం అలా మారుతుంది. ఎంత తోమినా పోదు. పాత చర్మం ఊడి కొత్తది వచ్చేలోగా మళ్ళీ ఓ చుక్క పడేది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు మొదట ఆ వేళ్ళే చూసేవారని మా అమ్మ చెప్పేది.

ఆవిడ పుట్టింది బాపులపాడులో. మా నాన్న జగన్మోహనరావుకి ఒక్కతే చెల్లెలు. గుడివాడలో ఇంటర్మీడియట్ సైన్సు గ్రూపు చదివింది. తాతయ్య పోవడంతో పై చదువు ఆగిపోయింది. 1959లో, ఇరవై నాలుగో ఏట, నూజివీడులో దశరథరామయ్యగారి మందుల షెడ్డులో ఉద్యోగానికి కుదిరింది. ఆడపిల్ల బస్సెక్కి ఉద్యోగానికి వెళ్ళడం మా నాన్నకి ఇష్టం లేదు. "ఆర్నెల్లు చేసి మానేస్తుందిలే" అన్నాడట.

దశరథరామయ్యగారిది మామిడికాయల వ్యాపారం. వేసవి మూడు నెలలూ రసాలు, బంగినపల్లులు లారీలకెక్కించి పంపించేవారు. మిగిలిన తొమ్మిది నెలలూ గోడౌన్ ఖాళీగా ఉంటోందని అందులో ఆయుర్వేద మందుల తయారీ పెట్టారు. అరిష్టాలు, తైలాలు, చూర్ణాలు. ఊళ్ళో అందరూ దాన్ని కషాయాల షెడ్డు అనేవారు. బస్సు నూజివీడు పొలిమేర చేరకముందే ఆ వాసన తెలిసేదట, బెల్లం పులిసిన వాసన, దాని అడుగున ఏదో చేదు.

చేసే మందుకి పరీక్ష ఉండాలని బెజవాడలో ఎవరో ఆయనకి చెప్పారు. అందుకని గోడౌన్‌కి పడమటివైపు ఒక గది కట్టించి, దానికి ల్యాబు అని పేరు పెట్టారు. అద్దాల పెట్టెలో త్రాసు, ఓ పాత మైక్రోస్కోపు, స్పిరిట్ దీపం, నాలుగు వరసల సీసాలు. రిటైరైన కెమిస్ట్రీ లెక్చరరు లక్ష్మీనరసింహారావుగారు బెజవాడ నుంచి వారానికోసారి వచ్చి మా అత్తయ్యకి పని నేర్పారు. వేరుని పొడుగ్గా కోస్తే ఏం కనబడుతుంది, అడ్డంగా కోస్తే ఏం కనబడుతుంది, బూడిద ఎంత రావాలి, కషాయంలో సారం ఎంత దిగాలి, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది.

"అడవి నుంచి వచ్చే చెక్కకి పేరు రాసి ఉండదమ్మా" అనేవారట ఆయన. "ఎండిపోయాక అన్ని చెట్ల బెరడూ ఒకలాగే ఉంటుంది. నేల మీద పట్టా పరిచి ప్రతి బస్తా దాని మీద కుమ్మరించి చూడు. పైన చూసి సంతకం పెట్టకు."

ఏడాది తిరిగేసరికి ఆయన రావడం మానేశారు. ల్యాబు మొత్తం మా అత్తయ్య చేతికొచ్చింది. వచ్చిన ప్రతి సరుకుకీ రిజిస్టర్లో ఓ పేజీ. కింద ఆవిడ సంతకం. ఆ సంతకం ఉంటేనే పొయ్యి వెలిగేది. ఆర్నెల్లు కాస్తా నాలుగేళ్ళయింది.

1963 మార్చిలో కొడిశపాల చెక్క వచ్చింది. జిగట విరేచనాలకి ఆ చెక్కతో కుటజారిష్టం చేస్తారు. నూజివీడు చుట్టుపక్కల వేసవి వచ్చిందంటే ఆ మందుకి గిరాకీ. తోటల్లో కాయ రాలుతుంది, ఈగలు ముసురుతాయి, పిల్లా పెద్దా కడుపు పట్టుకుని కూర్చుంటారు. ఏటా ఆ చెక్క తెచ్చే ముసలాయన ఆ ఏడు రాలేదు. ఆయన బదులు ఎవరో కొత్తమనిషి తిరువూరు అవతలి కొండల నుంచి పన్నెండు బస్తాలు బండి మీద తోలుకొచ్చాడు. ముసలాయనకి ఒంట్లో బాగాలేదని, తాను ఆయన మేనల్లుడినని చెప్పాడు. ఎవరూ ఆరా తీయలేదు.

బండి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. ఈశాన్యం వైపు మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. పిందె మీద ఉన్న తోటలకి ఆ గాలి పడితే ఏమవుతుందోనని దశరథరామయ్యగారు వాకిట్లో నిలబడి ఆకాశం వంకే చూస్తున్నారు. చెక్క తడిస్తే బూజు పడుతుంది.

"కానివ్వమ్మా, తొందరగా కానివ్వు" అన్నారాయన.

మా అత్తయ్య మూడు బస్తాల మూతులు విప్పింది. పైనున్న చెక్క తీసి విరిచింది, నమిలింది, మైక్రోస్కోపు కింద పెట్టింది. అసలైన కొడిశపాలే. తొలి చినుకులు రేకుల మీద పడుతుండగా బస్తాలన్నీ లోపలికి వేయించింది. తర్వాత రిజిస్టరు తెరిచి, పన్నెండు బస్తాలూ చూశానని రాసి, సంతకం పెట్టింది.

"మూడే చూశానని రాస్తే ఏం పోయేది?" అని పెద్దయ్యాక నేనడిగాను. "తొమ్మిది విప్పలేదని రాస్తే నాకు పని చేతకాలేదని రాసుకున్నట్టుండేది" అంది. "అబద్ధం అనిపించలేదే అప్పుడు. అలవాటుగా చెయ్యి రాసేసింది."

పన్నెండు బస్తాల్లో పదకొండు వాడారు, ఒకటి మిగిలింది. చెక్క ఉడికించి, బెల్లం, తేనె కలిపి, నాలుగు పెద్ద జాడీల్లో పోసి, మూతులకి మట్టి మెత్తి నెలరోజులు ఉంచారు. విప్పిన రోజున ఆవిడ ఒక్కో జాడీ రుచి చూసింది. మూడోదానిలో చేదు ఎక్కువగా ఉంది. మామూలు చేదు కాదు, నాలుక చివర నుంచి చెవుల దాకా పాకే చేదు. ఆ మాటే దశరథరామయ్యగారితో చెప్పింది.

ఆయన సంతోషించారు. "చేదెక్కువైతే గుణమెక్కువ. మంచి చెక్క పడిందన్నమాట."

మా అత్తయ్య కూడా అలాగే అనుకుంది. "జాడీ నం. 3, చేదు అధికం, శ్రేష్ఠం" అని రాసింది. నాలుగు జాడీల మందూ ఒకే లేబుళ్ళతో, ఒకే బ్యాచి నంబరుతో సీసాల్లోకి వెళ్ళింది. నాలుగొందల ఎనభై సీసాలు.

జాడీలు కడిగిన మడ్డిని షెడ్డు వెనక గుంటలో పారబోసేవారు. బెల్లం వాసనకి ఊరకుక్కలు వచ్చి నాకేవి. మే నెల మొదట్లో ఒకరోజు పొద్దున ఆ గుంట పక్కన ఓ కుక్క చచ్చిపడి ఉంది. నాలుగు కాళ్ళూ కర్రల్లా చాచుకుని, మెడ వెనక్కి విరుచుకుని, పళ్ళు బయటపెట్టుకుని ఉంది. వడదెబ్బ తగిలిందన్నారు పనివాళ్ళు. మా అత్తయ్య కాసేపు దాన్ని చూస్తూ నిలబడింది. వడదెబ్బ తగిలిన కుక్క నీడకి పాకి చస్తుంది, కాళ్ళు ముడుచుకుంటుంది. ఇదేంటి ఇలా ఉంది అనుకుందట. అనుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మూడు రోజుల తర్వాత నాగేంద్రమ్మ సంగతి జరిగింది. నాగేంద్రమ్మ షెడ్డులో రోలు దగ్గర పనిచేసే మనిషి, యాభై ఏళ్ళుంటాయి. విరేచనాలు పట్టుకుంటే షెడ్డు మందే రెండు పూటలు తాగింది. ఆ రోజు వచ్చి రోలు ముందు కూర్చుంది గాని రోకలి ఎత్తలేదు.

"ఏంటి నాగేంద్రమ్మా, అలా ఉన్నావు?" అని అడిగింది మా అత్తయ్య.

"మెడ పట్టేసిందమ్మగారూ. దవడలు కూడా లాగుతున్నాయి. ఎవరైనా దగ్గరికొస్తే గుండె ఝల్లుమంటోంది."

అంతలో అవతల ఎవరిదో చెయ్యి జారి తైలం డబ్బా మూత నేలమీద పడింది. ఆ చప్పుడికి నాగేంద్రమ్మ ఒళ్ళంతా ఒక్కసారి విల్లులా వంగింది. మడమలూ తల వెనకభాగమూ మాత్రమే నేలకి ఆనాయి. మొహం నవ్వుతున్నట్టుగా బిగుసుకుపోయింది. కళ్ళు మాత్రం నవ్వడం లేదు, భయంతో తెరుచుకుని మా అత్తయ్యనే చూస్తున్నాయి. మనిషికి స్పృహ ఉంది. నోరు రావడం లేదు, అంతే.

నిమిషానికి వదిలింది. మాట వచ్చాక ఆవిడ అన్న మొదటి మాట, "మాట్లాడకండమ్మా, గట్టిగా మాట్లాడకండి."

నలుగురు మెల్లగా ఎత్తి, గూడు రిక్షాలో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మా అత్తయ్య వెంట వెళ్ళలేదు. మిగిలిన పన్నెండో బస్తా దగ్గరికి వెళ్ళింది. మూతి విప్పి, లెక్చరరుగారు చెప్పినట్టు పట్టా మీద మొత్తం కుమ్మరించింది. పైనున్న సగం కొడిశపాలే. అడుగు సగం ఇంకో చెక్క. కాస్త మందం, పైన బూడిదరంగు, అక్కడక్కడ తుప్పు మచ్చలు. విడిగా చూస్తే ఎవరూ పట్టుకోలేరు. పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఆ రెండిటినీ ల్యాబులోకి తెచ్చి, లోపలివైపు పైకి ఉండేలా పింగాణీ పలక మీద పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో చుక్క నైట్రిక్ ఆసిడ్ వేసింది. కొడిశపాల మీద మామూలు పసుపు మరక పడింది. రెండోదాని మీద చుక్క పడీ పడగానే ఎర్రబడింది. కోసిన వేలి నుంచి అప్పుడే వచ్చిన రక్తంలా ఎర్రగా.

అది ముషిణి చెక్క. ముషిణి గింజలు ఏం చేస్తాయో ఆ ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. చెక్కలోనూ అదే విషం ఉంటుంది. మనిషిని చంపేముందు ఒళ్ళంతా కొయ్య చేస్తుంది.

పలక పట్టుకుని నేరుగా దశరథరామయ్యగారి దగ్గరికి వెళ్ళింది. కాయల సీజను, ఆయన చుట్టూ లారీవాళ్ళు. ఆవిడ మొహం చూసి ఆయనే లేచి పక్కకి వచ్చారు. విన్నారు.

"ఆ రోజు ఎన్ని బస్తాలు విప్పావమ్మా?"

"మూడండి."

"రిజిస్టర్లో?"

"పన్నెండని రాశానండి."

ఆయన పలక మీద ఎర్రమరక వంక చూశారు. అది అప్పటికే నారింజరంగుకి తిరుగుతోంది.

"షెడ్డులో ఉన్న సీసాలు ఆపేద్దాం. ఒక్కటి కూడా గడప దాటదు. బయటికి వెళ్ళినవి వెళ్ళిపోయాయి. తాగినవాళ్ళు ఈపాటికి తాగేసుంటారు, బాగైనవాళ్ళు బాగై ఉంటారు. ఇప్పుడు ఊరూరా చాటిస్తే నా షెడ్డూ ఉండదు, నీ పేరూ ఉండదు. ఆ సంతకం నీదేనమ్మాయ్."

"మూడో జాడీ మందు ఇంకా దుకాణాల్లో ఉందండి."

"నేను చెప్పింది విన్నావుగా."

ఆయన దుర్మార్గుడని మా అత్తయ్య ఎప్పుడూ అనలేదు. "భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. ఇద్దరి భయాలూ వేరువేరు, అంతే" అనేది.

దుకాణాలకి మందు వేసే మనిషి బసవపున్నారావు. సైకిల్ క్యారియర్ మీద చెక్కపెట్టె కట్టుకుని ముసునూరు, ఆగిరిపల్లి, బాపులపాడు, హనుమాన్ జంక్షన్ తిరిగేవాడు. ఎక్కడ ఎన్ని సీసాలు ఇచ్చాడో నోటికి చెప్పగలడు. ఆవిడ అతనికి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"మా పెద్దదానికి కూడా ఇదే పట్టించామండి మొన్న" అన్నాడు.

"ఎలా ఉంది?"

"బాగుందండి. ఆడుకుంటోంది." తలపాగా మళ్ళీ చుట్టుకుంటూ, "అంటే అది మూడో జాడీ కాదన్నమాట" అన్నాడు.

అడుగున ముషిణి కలిసిన బస్తాలు మూడో జాడీకే వెళ్ళినట్టున్నాయి, నాలుగు సీసాల్లో ఒకదానిలో ఉంది విషం. ఏ సీసాలోనో లేబులు చూస్తే తెలియదు.

మర్నాటి నుంచి ఇద్దరూ బయల్దేరారు. అతను సైకిల్ మీద, ఆవిడ బస్సుల్లో, బస్సు లేని చోట నడిచి. మందు పులిసిపోయింది, వేరేది పంపిస్తామని చెప్పి దుకాణాల్లో ఉన్నవి వెనక్కి తీసుకున్నారు. కొన్నవాళ్ళ పేర్లు అడిగి ఇళ్ళకీ వెళ్ళారు. కొందరు సగం తాగిన సీసాలు ఇచ్చారు. కొందరు "మాకు బాగానే పనిచేసింది, ఇవ్వం" అన్నారు. విస్సన్నపేట దారిలో ఒక ముసలమ్మ, "వెలుతురు చూస్తే ఒళ్ళు ఎగిరిపడింది రెండు రోజులు, అమ్మవారు పూనిందనుకున్నాం" అని చెప్పింది. ఆవిడ బతికింది. ఆ సీసా తెచ్చి క్లోరోఫారంతో ఊపి, అడుగుకి దిగిన పొర పలక మీద ఆరబెట్టి ఆసిడ్ వేస్తే ఎర్రబడింది.

అయిదో రోజు ముసునూరు అవతల ఒక కౌలు తోటకి వెళ్ళింది మా అత్తయ్య. ఆ వేళ బసవపున్నారావు వెంట లేడు. తోటలో కాయ అప్పటికే కోసేశారు. పాక ముందు సీతారావమ్మ అనే ఆవిడ కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు. ఆవిడ భర్త పోయి పదిరోజులు.

"కాల్లో మేకు దిగిందండి" అని చెప్పింది ఆవిడే, ఎవరో పలకరించడానికి వచ్చిందనుకుని. "దానికి తోడు విరేచనాలు. రెండో రోజుకి ధనుర్వాతం కమ్మింది. కాకి అరిచినా లేచిపడేవాడు. డాక్టరు గారు వచ్చేసరికి అయిపోయింది."

"మందేమైనా వాడారా?" అని అడిగింది మా అత్తయ్య. జవాబు ఆవిడకి తెలుసు.

"విరేచనాలకి కషాయాల షెడ్డు మందు పట్టానండి. నా చేత్తోనే మూడు పూటలు. చేదుగా ఉందని మొహం తిప్పుకుంటే తల పట్టుకుని పోశాను. ఆ ఒక్కటి తప్పకుండా చేశానని ఇప్పటికీ మనసుకి చెప్పుకుంటున్నాను."

చెప్పాలా వద్దా అన్నది మా అత్తయ్యకి తోచలేదు. చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. చెబితే, చేతులారా మొగుణ్ణి చంపుకున్నానని ఈ మనిషి బతికినన్నాళ్ళూ అనుకుంటుంది. మేకు అనుకోనిస్తే ఏం పోయింది? వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసిందట కూడా.

అప్పుడు సీతారావమ్మ అంది, "మిగిలింది ఉందండి ఇంకా సగం సీసా. పిల్లదానికి రాత్రి నుంచి కడుపునొప్పి. ఈ పూట కాస్త పోద్దామనుకుంటున్నాను."

మా అత్తయ్య పాకలోకి పరుగెత్తింది. చూరుకి వేలాడుతున్న ఉట్టిలో ఉంది సీసా. దాన్ని రెండు చేతులతో పట్టుకుని బయటికొచ్చి, నేలమీద కూర్చుని, అంతా చెప్పింది. పన్నెండు బస్తాలు, మూడు మూతులు, మబ్బు, సంతకం, ఎర్రమరక. ఏమీ దాచలేదు.

సీతారావమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఆ సీసా వంకే చూస్తూ, "మొదటి పూటతో ఆపేసి ఉంటే?" అని అడిగింది.

"నాకు తెలీదండి."

"తెలీదని ఎందుకంటావు? నీది చదువుకున్న ఉద్యోగం కదా. చెప్పు."

"బతికేవాడేనేమోనండి."

"ఊఁ" అందావిడ. తర్వాత లేచి, పిల్లని చంకనేసుకుని, "పద, ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెబుదాం" అంది.

ఇద్దరూ కలిసి నూజివీడు ఆస్పత్రికి వెళ్ళారు. నాగేంద్రమ్మని చూస్తున్న డాక్టరు, చీకటి గదిలో మందిచ్చి నిద్రపుచ్చి ఆవిడని బతికించినవాడు, మొత్తం విని కాగితం మీద రాసుకున్నాడు. పోలీసులు వచ్చారు, షెడ్డుకి తాళం పడింది. రిజిస్టరు తీసుకెళ్ళారు. చెక్క తెచ్చినవాడి కోసం కొండల దాకా వెళ్ళారుగాని ఆ పేరుతో అక్కడ ఎవరూ లేరు. ఏటా వచ్చే ముసలాయన మాత్రం దొరికాడు. ఆయనకి ఒంట్లో బాగానే ఉంది. ఆ ఏడు ఎవరో వచ్చి, షెడ్డువాళ్ళు నీ చెక్క వద్దన్నారని చెప్పారట. ఆయనకి మేనల్లుళ్ళు లేరు.

కేసు నిలవలేదు. ఆ రోజుల్లో ఆయుర్వేద మందులకి మందుల చట్టం పట్టేది కాదు. తెలిసి చేసిందని రుజువు లేదు. ఎన్నో నెలలు తిప్పి వదిలేశారు. మొత్తం మీద ఒకరు చనిపోయినట్టు, ముగ్గురు బతికి బయటపడినట్టు తేలింది. దొరకని సీసాలు పంతొమ్మిది. అవి ఎవరి ఇంట్లో ఉన్నాయో, ఎవరు తాగారో, ఎవరికి ధనుర్వాతం అని రాశారో ఎవరికీ తెలియదు.

మా నాన్న ఆవిడని ఇంటికి తీసుకొచ్చాడు. "నోరు మూసుకుని ఉంటే సరిపోయేదిగా" అని ఒకసారి గట్టిగా అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పెళ్ళి మాటా ఎత్తలేదు. బాపులపాడులో మూడేళ్ళు గడిపింది. వీధిలో ఎవరికైనా కడుపునొప్పి అని విన్నదంటే వెళ్ళి ఏం మందు వేశారని అడిగేది. మొదట్లో జనం చెప్పేవారు. తర్వాత ఆవిడ వస్తోందంటే తలుపులు దగ్గరగా వేసుకునేవారు. ఆవిడ అడిగిన ఇంట్లో ఎవరికో ఏదో అవుతుందని ఒక నమ్మకం పుట్టింది. నేను చిన్నపిల్లని. మా వీధిలో పిల్లలు ఆవిడ పచ్చటి వేళ్ళు తగిలితే ఒళ్ళు బిగుసుకుపోతుందని చెప్పుకునేవారు. నేనూ ఓ ఏడాది ఆవిడ చేతి అన్నం తినలేదు. అది ఆవిడకి తెలుసు.

ఈలోగా చట్టం మారింది. ఆయుర్వేదం మందులు చేసేవాళ్ళకీ లైసెన్సు కావాలని, పరీక్ష చేసేవాళ్ళు ఉండాలని అన్నారు. షెడ్డు మళ్ళీ తెరిచిన దశరథరామయ్యగారు 1966లో కబురు పంపారు. ఆయనే వచ్చారు, జట్కా దిగి మా వాకిట్లో నిలబడ్డారు. బాగా చిక్కిపోయారు.

"నువ్వే ఎందుకని అడుగుతావేమో" అన్నారు. "వేరేవాళ్ళని పెట్టాను రెండుసార్లు. వాళ్ళు సంతకం పెడుతుంటే నాకు నిద్ర పట్టడం లేదమ్మా."

ఆవిడ ఒక్కటే అడిగింది. "చెక్క గోడౌన్ తాళం నా దగ్గరుంటుందండి."

"ఉంచుకో."

అప్పటి నుంచి ప్రతి బస్తా పట్టా మీదికి వచ్చేది. వాన వచ్చినా సరే, సరుకు తడిసి పాడైనా సరే. ఆపైన ఇంకో పని మొదలుపెట్టింది. ఎవరూ చెయ్యమన్నది కాదు. ప్రతి జాడీ విప్పిన రోజు, సీసాల్లోకి పొయ్యకముందు, రెండు ఔన్సులు తానే తాగి కిటికీ దగ్గర కుర్చీలో మూడు గంటలు కూర్చునేది. ఒకసారి సెలవులకి వెళ్ళి నేను చూశాను. పనివాళ్ళంతా గొంతులు తగ్గించారు. ఎవరూ డబ్బా కింద పెట్టడం లేదు. నాగేంద్రమ్మ రోలు దగ్గర నుంచి లేచి వచ్చి గుమ్మంలో కూర్చుంది, ఆవిడ మొహం వంకే చూస్తూ. కాసేపటికి మా అత్తయ్య, "పని చూసుకో నాగేంద్రమ్మా" అంటే, "ఇదే నా పని" అంది.

1968 ఫిబ్రవరిలో మళ్ళీ తొమ్మిది బస్తాల కొడిశపాల వచ్చింది. ఈసారి తెచ్చింది ఇంకో కొత్తమనిషి, మంచి బట్టలు వేసుకున్నాడు. పట్టా మీద కుమ్మరించింది. పైన కొడిశపాల, అడుగున బూడిదరంగు చెక్క, తుప్పు మచ్చలు. ఒక్కో బస్తా అడుగు నుంచి ఒక్కో ముక్క తీసి ఆసిడ్ చుక్క వేసింది. తొమ్మిదికి తొమ్మిదీ ఎర్రబడ్డాయి.

దశరథరామయ్యగారు ఆ మనిషిని పిలిచి సరుకు వద్దన్నారు. పోలీసులకి కబురు పంపేలోపే అతను బస్తాలు బండికెత్తించుకున్నాడు. కోపం కూడా తెచ్చుకోలేదు. "మీకు వద్దంటే వద్దండి, ఇంకొకరికి పనికొస్తుంది" అని నవ్వాడు.

మా అత్తయ్య గేటు దగ్గర నిలబడి చూసింది. కొండల వైపు తిరగాల్సిన బండి తిరగలేదు. జంక్షన్ రోడ్డు పట్టింది. లోపలికి పరుగెత్తి మైక్రోస్కోపు కింద రంగువెయ్యడానికి వాడే నీలిమందు సీసా తీసుకుని, నాలుగు గంటలు కాచుకుని వచ్చిన బస్సెక్కింది.

హనుమాన్ జంక్షన్‌లో ట్రంకు రోడ్డు పక్కన లారీలు వరసగా ఆగి ఉన్నాయి. బండి ఖాళీ అయిపోతోంది. సరుకు ఎక్కడికని అడిగితే ఎవరూ చెప్పలేదు. ఆ మనిషి అక్కడ కూడా నవ్వాడు.

"నా సరుకండి ఇది. మీకేంటి సంబంధం?"

ఆవిడ సీసా మూత తీసింది. ఇంకా కిందే ఉన్న రెండు బస్తాల మీద సీసా మొత్తం వంచేసింది. గోనె లోపలికి నీలం దిగింది, ఇక ఆ చెక్కని మందుకని ఎవరూ కొనరు. ఎవరో చెయ్యి పట్టి లాగారు, పడిపోయింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. లేచేసరికి లారీ కదిలింది. ఏడు బస్తాలతో ఏలూరు వైపు వెళ్ళిపోయింది. నంబరు ప్లేటు మీద బురద.

అక్కడి టీకొట్టు బల్ల మీద కూర్చుని ఆవిడ నలభై రెండు ఉత్తరాలు రాసింది. బెజవాడ నుంచి విశాఖపట్నం దాకా ఆయుర్వేద మందులు చేస్తారని తనకి తెలిసిన ప్రతి షెడ్డుకీ, ప్రతి వైద్యుడికీ ఒకటే మాట. కొడిశపాల కొంటే బస్తా అడుగు దాకా చూడండి, లోపలివైపు ఒక చుక్క నైట్రిక్ ఆసిడ్ వెయ్యండి, ఎర్రబడితే ఆ మనిషిని వదలకండి. అన్నిటి కింద పూర్తిపేరుతో సంతకం పెట్టి, ఆ సాయంత్రమే జంక్షన్ పోస్టాఫీసు డబ్బాలో వేసింది.

పదకొండు మంది జవాబు రాశారు. మిగిలిన ముప్ఫై ఒక్క చోట ఎవరైనా బస్తా అడుగు చూశారో లేదో తెలియదు.